మా అత్త శనక్కాయ సేద్యం

మా అత్త పోయిన సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. చెల్లెలి కాన్పు కోసం నేను పులివెందులలో మా అమ్మవాళ్లింట్లో ఉన్నాను. జమ్మలమడుగు నుంచి వచ్చిన బస్సు దిగి ఆయన మా వాకిలి దాకా నడిచొచ్చాడు. మీ అత్త మధ్యాహ్నం సంగటి తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదంట, మీ ఇంటాయన చెప్పి పంపినాడు, ఇదే బస్సు తిరిగి పోతాది, ఎక్కమ్మా అన్నాడు.

ఎక్కాను. ఏడుపు రాలేదు. ముద్దనూరు దాటాక రోడ్డు పక్కన ఎవరిదో దున్నిపెట్టిన ఎర్రచేను కనపడింది. నిరుటి శనక్కాయ కట్టె ఏరకుండానే ఆకూ పుల్లా అంతా మట్టిలో కలిపేశారు. "పాత రోగాన్ని కొత్త ఏటికి పరుపేసి పండబెట్టినారు, వీళ్ల మొగాలు మండ" అని పైకే అనేశాను. పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడి చూసింది. అది నా మాట కాదు, మా అత్త మాట. అప్పుడొచ్చింది ఏడుపు. ముక్కు చీదుకుంటూ ఊరు చేరేదాకా ఏడ్చాను.

పోయినవాళ్లను గురించి మంచి మాత్రమే చెప్పాలని పెద్దలంటారు. అట్లయితే మా అత్త గురించి నేను సగమే చెప్పగలను. సగం పని చేసి చేతులు దులుపుకునేవాళ్లంటే ఆమెకు మంట. కాబట్టి రెండూ చెబుతాను, వినండి.

మావి జమ్మలమడుగుకు పోయే దారిలో ఎర్రనేలలు. కాలువ లేదు, బావి లేదు. వాన పడితే చేను, పడకపోతే బీడు. చాపాడు వైపు కాలువ కింద వరి పండించే చుట్టాలు మమ్మల్ని చూసి జాలిపడుతుంటారు. మా మామ, నా భర్త చంటిబిడ్డగా ఉన్నప్పుడే పోయాడట. అన్నదమ్ముల పంచన చేరమని ఎంతమంది చెప్పినా వినక మా అత్త ఆ చేనును తానే సేద్యం చేసింది. ఊర్లో మగవాళ్లు శనక్కాయ విత్తేసి, ఇక పైవాడి దయ అని అరుగెక్కి కూర్చునేవాళ్లు. ఆమె విత్తనం ఒలిచిన నాటి నుంచి వామి వేసేదాకా చేనును అనుమానించేది. ప్రేమించేది అని రాయబోయాను. కాదు, అనుమానమే. ఏ చెట్టు ఎప్పుడు రోగాన్ని దాచిపెడుతుందో అని సాలు సాలు వంగి చూసేది.

రోగం తగిలిన చెట్టును బతికిద్దామనే మాట ఆమె దగ్గర లేదు. పీకెయ్ అనేది. పూత మీద ఉన్నా సరే, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగినా సరే, పీకెయ్. ఒక ఏడు గట్టు దాటిపోయి పక్క చేని మొక్కలు కూడా పీకేసింది. ఆ చేని ఆసామి కొట్టడానికే వచ్చాడు. నీ చేన్లో రోగానికి గట్టు యాడుందో తెలుసునా మామా అని అడిగింది. ఆడదానితో మాటలేందని ఆయన వెళ్లిపోయాడు.

మా వైపు విత్తనం వేసేది ఆడవాళ్లు. మడక దున్నుతూ ముందు పోతుంటే, వెనకాల ఒడిలో గింజలు పెట్టుకొని సాలులో ఒక్కొక్కటే వదులుతూ నడవాలి. పొద్దున్నుంచి కడుపు కాలుతున్న మనిషి ఒడిలో శనగ్గింజలు పెడితే నోట్లో వేసుకోకుండా ఉంటుందా? రైతులంతా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మా అత్త ఊరుకోదు. సాలు పొడుగునా పాట పాడించేది. పాట ఆగిందంటే పన్ను ఆడుతున్నట్టే. సాయంత్రం గట్టు మీద వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించేది, నాలుక ఎత్తించేది. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు నన్నూ ఆ వరసలోనే నిలబెట్టింది. నా పంటి సందున పొట్టు దొరికింది. ఇంట్లో ఎంతైనా తిను, చేన్లో గింజ తింటే చెట్టు తిన్నట్టు అని అందరి ముందరా అనింది. మా ఆయన ఎద్దుల మెడలు నిమురుతూ అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రాత్రి నేను పుట్టింటికి పోతానని గొడవ చేశాను. పోయేముందర రేపటి విత్తనం ఒలిచిపెట్టి పో అనింది. ఒలిచిపెట్టాను. పోలేదు.

అంత కట్టడి చేసినా నేలలోని రోగం ఆమె మాట వినేది కాదు. మొలక రెండాకులు విప్పే వేళకు కొన్ని మొక్కలు సోలిపోయేవి. పీకి చూస్తే మట్టికీ మొక్కకూ నడుమ మెడ నల్లబడి బూజు పట్టి ఉండేది. దాన్ని మెడకుళ్లు అనేది. ఒక్కో ఏడు సగం సాలు ఖాళీగా మిగిలేది. చచ్చిన మొలకలను గంపలో వేయించి, చేను బయట కాల్పించి, ఆ మంట దగ్గర నిలబడి తిట్టేది. ఎవరిని తిడుతుందో మాకు తెలిసేది కాదు.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. కొత్త రాష్ట్రం వచ్చింది, ఇక మనకు అన్నీ వస్తాయని అనుకునేవాళ్లం. మాకు వచ్చింది ఒక పొడి. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు ఇంటికొచ్చి అది విత్తనానికి ఎట్లా పట్టించాలో మా అత్తకు చూపించి పోయాడు. మూతి కట్టిన కుండలో గింజలూ పొడీ వేసి దొర్లించాలి. అది విషమని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని, వట్టి చేత్తో తాకొద్దని, మిగిలిన గింజ మనిషికీ గొడ్డుకూ పెట్టొద్దని, జాగ్రత్తలన్నీ ఆమెకు చెప్పే పోయాడు. ఆమె మాకు చెప్పలేదు. కొట్టం తలుపేసుకొని ఒక్కతే కుండ దొర్లించింది. మెడకుళ్లు మందు అనింది, అంతే.

ఆ ఏడు నోళ్లు చూడడం మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం సంగటి ముద్ద ముట్టకముందే బూడిదతో చేతులు రుద్ది కడుక్కోమని అందరి వెంటా పడింది. ఈ వయసులో ఈమెకు మడి పట్టిందని కూలి ఆడవాళ్లు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

విత్తేవాళ్లలో ఓబులమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు బండలు కొట్టే పనిలో కాలు పోగొట్టుకొని ఇంట్లో కూర్చున్నాడు. పాలపళ్లు ఊడని కూతురు గంగి. ఓబులమ్మ తన నోట్లో ఒక్క గింజ వేసుకోలేదు. రోజూ గుప్పెడు గింజలు కొప్పులో దోపుకొని పోయి, కడిగి, గంగికి పెట్టింది. నోరు తెరవమంటే అందరికంటే ముందు తెరిచేది. మా అత్త నాలుక కింద కూడా చూసింది కానీ కొప్పు చూడలేదు.

విత్తాల్సింది ఇంకా సగం చేనుంది. పిల్ల వాంతులు చేసుకుంటోందని, చేతులు వణుకుతున్నాయని, నడిస్తే పడిపోతోందని ఓబులమ్మ చెప్పింది. దిష్టి తగిలిందని అందరూ అన్నారు. గండికి పోయి ఆంజనేయస్వామి తాయెత్తు కట్టించుకొస్తానని మొక్కుకుంది. మా అత్త ఆమె దగ్గరికి వచ్చి, పిల్ల ఏం తినిందని అడిగింది. సంగటే తినింది పెద్దమ్మా అని ఓబులమ్మ కొప్పు సవరించుకుంది. మా అత్త ఆ కొప్పు వైపు కాసేపు చూసింది. తర్వాత, మడకలు నిలబడినాయి, పదండి అనింది.

రెండు రోజుల తర్వాత ఆఖరు సాలు పడింది. ఎద్దులను మడక విప్పి విప్పకముందే బండికి కట్టించింది. తానే ఓబులమ్మ గుడిసెకు పోయి, పిల్లను ఎత్తి బండిలో వేసుకొని జమ్మలమడుగు ఆస్పత్రికి తోలించింది. నేనూ వెంట పోయాను. డాక్టరు ఏం తినిందని అడిగితే ఓబులమ్మ మళ్లీ సంగటి అనబోయింది. మా అత్త అడ్డం వచ్చింది.

"ఇత్తనానికి పట్టిచ్చిన ఇసం తినింది. దినమూ తినింది."

డాక్టరు ఆమెను నానా మాటలూ అన్నాడు. తల వంచుకోలేదు. ఓబులమ్మ గోడకు చేరగిలబడి ఏడుస్తుంటే ఆమె వైపు తిరిగింది. "నోట్లో పెట్టుకోనింటే నాకు తెలిసేది. కొప్పులో పెట్టుకుంటివి" అనింది. అట్లా అనిన మనిషిని నేను ఆ తర్వాత కూడా అత్తా అని పిలిచాను. పిలవక ఏం చేస్తాను?

గంగి బతికింది. ఆస్పత్రిలో శానా రోజులు ఉంచుకొని బతికించారు. చేతులు మాత్రం వణుకుతూనే మిగిలిపోయాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు నోటికి చేరేలోపల సగం ఒలికిపోయేవి.

ఆ ఏడు మా చేన్లో ఒక్క మొలక సోలలేదు. సాలు ఎక్కడా తెగకుండా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చాప పరిచినట్టు పచ్చగా లేచింది. ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. కొందరు చూసి, ఉమ్మేసి పోయారు.

నెల దాటి పూత పడితే ఆకుమచ్చ కాలం. కింది ఆకుల మీద కందిగింజంత మచ్చ, దాని చుట్టూ పసుపు వలయం వస్తుంది. మచ్చ కనపడినాక మందేసేటోడు సేద్యం చేసేటోడు కాదు, కర్మ చేసేటోడు అనేది మా అత్త. అందుకని మచ్చ పడకముందే ప్రొద్దుటూరు నుంచి గంధకం తెప్పించి, పల్చటి గుడ్డలో మూటకట్టి, మంచు ఇంకా ఆకుల మీద ఉండగానే కట్టెతో తట్టుకుంటూ సాళ్ల వెంట నడిచేది. కళ్లు మండి నీళ్లు ధారగా కారేవి. తుడుచుకుంటే ఇంకా మండుతుందని తుడుచుకునేది కాదు. ఆ పని నాకు నేర్పుతున్న పొద్దున, ఓబులమ్మ కొప్పు చూసిన రోజే నీకు తెలుసు కదా అత్తా అని అడిగాను.

"తెలుసు. రెండు దినాలు ఆగినా."

"ఎందుకు ఆగినావు?"

"నేల్లో వాన పదనుంది మ్మే. ఆ దినమే చెప్పింటే అందురూ ఒళ్లో గింజలు దులిపి పోయింటారు. మన నేల మూడో దినానికి ఎండి పెంకు. ఇంగ ఏం తింటావు, ఏం పెడతావు వానికి?"

వాడంటే నా కడుపులో ఉన్నవాడు. అప్పుడు నాకు ఆరో నెల. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, గంధకానికే. మూట నా చేతికిచ్చి, గాలి తిరిగింది, ఈ పక్క నుంచి తట్టు అనింది. నాకు ఆమె మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆ అసహ్యంతోనే పని నేర్చుకున్నాను. మచ్చ ముదిరితే మైలుతుత్తం, సున్నం వేర్వేరు మట్టికుండల్లో కరిగించి కలపడం నేర్చుకున్నాను. కలిపిన నీళ్లలో కొడవలి ముంచి తీసి, దాని మీద రాగి రంగు పట్టిందంటే ఇంకా సున్నం పడాలని, లేకపోతే ఆకు మాడుతుందని నేర్చుకున్నాను. ఊడలు దిగినాక మొదళ్ల దగ్గర తెల్లటి దారాలు, వాటిలో ఆవగింజల్లాంటివి కనపడితే, ఆ చెట్టును చుట్టూ మట్టితో సహా తవ్వి బయటికి మోయడం నేర్చుకున్నాను. దారిలో ఒక్క పిడికెడు మట్టి రాలినా ఆ పూట తిట్లే నాకు కూడు. ఈ రోజు మా ఇంట్లో నలుగురు తింటున్నారంటే ఆ తిట్ల పుణ్యమే. కాదని అంటే నా నోరు పడిపోతుంది.

పంట పీకే రోజు ఓబులమ్మ కూడా కూలికి వచ్చింది. వేరే ఎక్కడికి పోతుంది? ఏ చెట్టు లాగినా గుత్తులు గుత్తులుగా కాయలు. గంగి గట్టు మీద కూర్చొని ఒక కాయ చిదమాలని చూస్తోంది. వేళ్లు నిలబడక కాయ జారిపోతోంది. మా అత్త పోయి ఆ కాయ తీసుకొని చిదిమి గింజలు పిల్ల నోట్లో పెట్టింది. ఇది పంట కాయ, దీనికి మందు లేదు అని ఓబులమ్మ వైపు చూడకుండానే చెప్పింది. ఓబులమ్మ చేతిలోని చెట్టు కింద పడేసి వచ్చింది. పిల్ల నోట్లో వేలు పెట్టి గింజలు బయటికి తీసి పారేసింది. మళ్లీ పోయి తన సాలులో వంగింది. మా అత్త చేతిలోని పొట్టు రాల్చేసి గట్టు దిగింది. నాకు తెలిసి ఆమె తల వంచి మాట పడింది ఆ ఒక్కసారే, అదీ మాట లేకుండా.

ఆ తర్వాత ఏ ఏడూ విత్తనానికి మా చేన్లోకి ఊరి ఆడది అడుగు పెట్టలేదు. కలుపుకు వస్తారు, పీకడానికి వస్తారు, విత్తడానికి రారు. మా అత్త బతిమాలలేదు, పొడీ మానలేదు. మనమే ఏసుకుందాం లెమ్మని చేతులకు గుడ్డలు చుట్టుకుంది, నాకూ చుట్టింది. రెండు మడకల వెనక మేమిద్దరమే. గంగికి మాత్రం రోజూ మా ఇంట్లో ఒక ముద్ద ఉండేది. కింద పోసుకోవద్దు పాపా అని ఆ పిల్లనూ కసిరేది. పిల్ల కింద పోసుకున్నదంతా తానే ఎత్తేది. క్షమించమనే మాట ఆమెకు తెలియదు. ఓబులమ్మ అడగనూ లేదు.

పోయేముందు ఆమె చేసిన ఆఖరి పని కుండ దొర్లించడమే. గాలి మారింది, ఇంగ వాన దూరం లేదని విత్తనమంతటికీ పొడి పట్టించి మూటలు కట్టి పెట్టిందట. ఆ మర్నాడే పోయింది. దినాలు అయిపోయిన రోజే మంచి వాన పడింది. రెండు మడకలు సిద్ధం, రెండో మడక వెనక మనిషి లేదు. పొడి పట్టిన విత్తనం గానుగకు పనికిరాదు, మనిషికి పనికిరాదు. విత్తాలి, లేదంటే గుంత తీసి పూడ్చాలి. ఇంట్లో వేరే విత్తనం లేదు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. దాచలేదు. ఇది విషం, గుడ్డ నేనే చుడతాను, చేతులు నేనే కడిగిస్తాను, ఒక్కరు రండి అని అడిగాను. తలుపు దగ్గరే పంపేశారు. చివరికి ఓబులమ్మ గుడిసె ముందు నిలబడ్డాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. ఆమె చాట కింద పెట్టి నన్ను నిదానంగా చూసింది.

"మీ అత్త చెప్పకుండా ఏయించె. నువ్వు చెప్పి ఏయిస్తావా, అక్కా?"

ఇంటికి వచ్చాను.

తెల్లవారి చేనుకు పోయేసరికి గంగి గట్టు మీద ఉంది. పెళ్లీడు పిల్ల ఇప్పుడు. ఎవరూ అడగడానికి రాలేదు. మీ అమ్మకు చెప్పినావా అంటే, చెప్తే పంపిస్తాదా అనింది. వద్దు, ఇంటికి పో అన్నాను. అది కదల్లేదు.

"నన్ను పనికి పిల్చేటోళ్లు యాడుండారు చిన్నమ్మా. నాకింగేం చేస్తాది ఆ మందు?"

ఎండ ఎక్కుతోంది. మా ఆయన మడక పట్టుకొని నా వైపే చూస్తున్నాడు. వద్దని రెండోసారి నేను అనలేదు. దాని చేతులకు గుడ్డ నేనే చుట్టాను. వణుకుతుంటే ముడి పడక, మోకాళ్ల నడుమ దాని చేతిని పట్టుకొని కట్టాను. ఒడిలో గింజలు నేనే పోశాను. అది ఒక సాలు, నేను ఒక సాలు. సాయంత్రానికి చేను అయిపోయింది.

ఇప్పుడు పైరు పూత మీద ఉంది. రేపటి నుంచి గంధకం తట్టాలి. గట్టు మీద నిలబడితే నా సాళ్లు కొలిచినట్టు తిన్నగా కనపడతాయి. వాటి పక్కన గంగి సాళ్లు. ఒకచోట నాలుగు మొక్కలు ఒకదాని మీద ఒకటి, తర్వాత బారెడు ఖాళీ, మళ్లీ మూడు, మళ్లీ ఖాళీ. అక్కడక్కడా మాత్రం కొంత దూరం ఒక్కొక్కటిగా సరిగ్గా పడ్డాయి. ఎక్కడ ఆ పిల్ల చెయ్యి వణికిందో, ఎక్కడ కాసేపు నిలిచిందో గట్టు మీది నుంచి చూసినవాళ్లకు తెలిసిపోతుంది.